గ్లౌజులు, గౌన్ల గురించి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

"గ్లౌజుల మీదే శానిటైజర్ రుద్దుకుంటే సరిపోదా పెద్దమ్మా, ప్రతి పేషెంటుకీ మార్చాలా?" అని నిన్న ఫోన్లో అడిగావు. అప్పటి నుంచీ నాకు అదే ఆలోచన.

మార్చాలమ్మా. డ్యూటీలో చేరిన కొత్తలో నేనూ గ్లౌజులు స్పిరిట్ దూదితో తుడుచుకుంటూ మంచం మంచానికీ తిరిగినదాన్నే. ఒకరోజు విప్పి చూస్తే చూపుడువేలి కొస తడిగా ఉంది. ఆ గ్లౌజులో నీళ్లు పోసి నొక్కాను. కొసనుంచి సన్నటి ధార చిమ్మింది. గుండె ఝల్లుమంది. స్పిరిట్ పదేపదే తగిలితే ఆ పల్చటి పొర పాడవుతుంది, చిల్లు కంటికి ఆనదు. ఒకసారి వాడి పారేసేవి కడిగి దాచుకోవద్దు.

కడిగి వాడేవి వేరే ఉన్నాయి. శుభ్రం చేసే పనికి వేసుకునే మందపాటి రబ్బరు గ్లౌజుల్ని ముందు సబ్బునీళ్లతో కడుగు, తర్వాతే 0.5 శాతం బ్లీచ్ నీళ్లు. రక్తం, మురికి అంటుకుని ఉంటే బ్లీచ్ బలమంతా వాటికే పోతుంది. సీసా మీద 5 శాతం అని ఉంటే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు. ఏ రోజుది ఆ రోజే కలుపుకో. అందులో యాసిడ్ మాత్రం పొరపాటున కూడా కలపకు, విషవాయువు వస్తుంది.

గుడ్డ గౌన్లను దులపొద్దు. మెషీన్ ఉంటే 60 నుంచి 90 డిగ్రీల వేడినీళ్లలో డిటర్జెంట్‌తో ఉతికించు. లేకపోతే డ్రమ్ములో వేడి సబ్బునీళ్లు పోసి, చింది మీద పడకుండా కర్రతో తిప్పాలి. ఆపైన 0.05 శాతం బ్లీచ్‌లో అరగంట నానబెట్టి, జాడించి, ఎండలో ఆరేయాలి.

అసలు భయం విప్పేటప్పుడే. అలసిపోయి ఉంటాం, తొందరపడతాం. ముందు గ్లౌజులు: ఒకదాన్ని మణికట్టు దగ్గర పైనుంచి పట్టి ఒలిచెయ్, రెండోదాని అంచు లోపలికి ఉత్తి వేలు దూర్చి తిరగేసి లాగు. చేతులకు హ్యాండ్‌రబ్ వేసి ఆరేదాకా రుద్దుకో. ఆ తర్వాత గౌను, లోపలివైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ తీయాలి. మళ్లీ చేతులు. మాస్కు చిట్టచివర, అదీ తాళ్లు పట్టుకునే. మళ్లీ చేతులు.

రేపు కొత్త గ్లౌజుల మీద కాస్త రంగు పూసుకుని ఒకసారి విప్పి చూడు. మరక ఎక్కడ అంటిందో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ