వడ్డీ లేని అడ్వాన్సుకు నెలకు పదిహేను వందలు

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మకు 38 ఏళ్లు. తెల్లవారుజామున వెళ్లి ప్లాస్టిక్ సీసాలు, అట్టలు, పాత ఇనుము ఏరుకొచ్చి స్క్రాప్ షాపులో అమ్ముతుంది. రోజుకు సగటున 30 కిలోలు అవుతుంది. నాన్నకు 44, తాపీ పనికి వెళ్తారు. ఏడాదిన్నర కిందట తమ్ముడికి జబ్బు చేస్తే షాపు ఓనర్ రూ.15,000 అడ్వాన్సు ఇచ్చారు. వడ్డీ తీసుకోవడం లేదు, అది తీరేదాకా సరుకు ఆయనకే వేయాలి. వేరే షాపులో కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తారు. ఇప్పుడు తెలిసినాయన ఒకరు రోజుకు వంద చొప్పున చిట్టీ కట్టమంటున్నారు. చిట్టీ మంచిదా, నెలనెలా కొంత చొప్పున కట్టే పోస్టాఫీసు ఆర్‌డీనా? అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది కానీ భయపడి ఎప్పుడూ అప్పు తీసుకోలేదు.

జవాబు: మీరు అడిగింది చిట్టీ గురించే అయినా, ముందు ఆ అడ్వాన్సు సంగతి తేల్చాలి.

రోజుకు 30 కిలోలు, నెలకు 25 రోజులు వేసుకుంటే 750 కిలోలు. కిలోకు రెండు రూపాయల చొప్పున నెలకు రూ.1,500 మీ అమ్మగారు వదులుకుంటున్నారు. పదిహేను వేల మీద పదిహేను వందలంటే నూటికి పది రూపాయల వడ్డీ! బయట మూడు రూపాయల వడ్డీ అంటేనే గుండె గుభేలుమంటుంది. ఈ లెక్కన ఏడాదిన్నరలో రూ.27,000 పోయింది, అసలు మాత్రం అలాగే ఉంది. ఓనర్‌ను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజు ఆసుపత్రి ఖర్చుకు చేయి అందించింది ఆయనే. అయితే ఆయన వడ్డీ తీసుకుంటూనే ఉన్నారు, అది కిలో రేటులో కలిసిపోయింది కాబట్టి మీకు కనబడటం లేదు.

అమ్మగారికి అప్పంటే భయం. ఇంత ఖరీదైన అప్పు ఆవిడ నెత్తిన ఇప్పటికే ఉందని ముందు ఈ లెక్క చూపించి చెప్పండి. తర్వాత సంఘంలో రూ.15,000 అడగమనండి. రూపాయి వడ్డీ అనుకున్నా మొదటి నెల వడ్డీ రూ.150 మాత్రమే. అడ్వాన్సు ఒకేసారి తీర్చేసి, అదనంగా వచ్చే రూ.1,500 నెలనెలా సంఘానికి కడితే పదకొండు నెలల్లో అప్పు తీరిపోతుంది, ఇంటి ఖర్చులో ఒక్క రూపాయి తగ్గించకుండానే. ఒకవేళ రెండో షాపు దూరమైతే ఆటో ఖర్చు తీసేసి లెక్క చూడండి. బాకీ తీరాక పాత ఓనర్‌నే ఆ రేటు ఇవ్వమని అడగొచ్చు కూడా. గొడవ పెట్టుకోకుండా మర్యాదగా తీర్చండి, రేపు మళ్లీ ఆయనతో అవసరం పడొచ్చు.

ఇంకోటి, కాటా. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో నిండా నీళ్లు పోసి కాటా మీద పెడితే రెండు కిలోల పైన చూపించాలి. తక్కువ చూపిస్తే రేటు ఎంత ఇచ్చినా లాభం లేదు. సీసాల మూతలు, రేపర్లు తీసి రంగుల వారీగా వేరు చేస్తే, అట్టలు తడవకుండా చూసుకుంటే రేటు బాగా పలుకుతుంది. ఈ సంగతి అమ్మగారికి నాకంటే బాగా తెలుసు, అడ్వాన్సు ఉన్నంతకాలం బేరం ఆడే వీలు లేదు, అంతే. పుణెలో ఈ పని చేసేవాళ్లు 1993లోనే యూనియన్ పెట్టుకుని, తర్వాత సొంత స్క్రాప్ షాపులు కూడా నడిపారు. మీ సంఘంలో ఇదే పని చేసేవాళ్లు నలుగురున్నా సరుకు కలిపి అమ్మి చూడండి.

అప్పు తీరేదాకా ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ప్రధానమంత్రి శ్రమ యోగి మాన్‌ధన్ అనే పింఛను పథకంలో చేరడానికి 40 ఏళ్లే గరిష్ఠ వయసు. నెల ఆదాయం రూ.15,000 లోపు ఉండాలి. 38 ఏళ్ల వయసులో చేరితే నెలకు రూ.180 కట్టాలి, కేంద్రం కూడా అంతే వేస్తుంది. 60 దాటాక నెలకు రూ.3,000 పింఛను. 22 ఏళ్లలో మీరు కట్టేది రూ.47,520, అది పదహారు నెలల పింఛనుతో తిరిగొచ్చేస్తుంది. అప్పటికి మూడు వేల విలువ ఇప్పటిలా ఉండదు, నిజమే. పైగా ఆవిడ తర్వాత నాన్నగారికి సగం వస్తుంది, పిల్లలకు రాదు. అయినా ఈ ఆదాయానికి ఇంతకంటే మంచి బేరం నాకు కనబడలేదు. నాన్నగారికి వయసు దాటిపోయింది.

ఏడాదికి రూ.20 కట్టే సురక్షా బీమా ఇద్దరికీ తీసుకోండి. ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు వస్తాయి. గాజు పెంకు గుచ్చుకుంటే ఇందులో ఏమీ రాదు, దానికి చేతి తొడుగులు, టీటీ ఇంజెక్షనే దిక్కు. ఏడాదికి రూ.436 కట్టే జీవన్ జ్యోతి జీవిత బీమా కూడా అమ్మగారి పేరున తప్పకుండా కట్టండి. అసంఘటిత కార్మికులకు ఇచ్చే ఈ-శ్రమ్ కార్డు లేకపోతే ఉచితంగా చేయించండి. పారిశుద్ధ్య కార్మికుల కోసం పెట్టిన కేంద్ర పథకం 'నమస్తే'లో 2024 నుంచి చెత్త ఏరేవారినీ చేర్చారు. పేరు నమోదు గురించి వార్డు సచివాలయంలో అడగండి.

ఇక చిట్టీ. రిజిస్టర్ కానిదైతే వద్దు, ఆయన ఎంత తెలిసినవారైనా సరే. ఆర్‌డీ సురక్షితమే కానీ వాన పడితే అట్టలకు రేటు పడిపోతుంది, ఆ నెల వాయిదా తప్పితే జరిమానా పడుతుంది. అందుకని మొదటి ఏడాది మామూలు సేవింగ్స్ ఖాతా చాలు. రోజూ చేతికొచ్చిన దాంట్లో యాభయ్యో వందో వేసి, కనీసం ఓ ఎనిమిది వేలు జూన్‌కు ముందే పోగయ్యేలా చూడండి. తమ్ముడికి మళ్లీ జ్వరమొస్తే ఓనర్ దగ్గరికి వెళ్లక్కర్లేకుండా. ఆర్‌డీ ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు, నెలకు వందతో అయినా సరే.