మీరడిగారు: బ్యాంకాక్‌లో అత్తయ్యగారికి ఏం పెట్టాలి?

ప్రశ్న: దసరా సెలవులకు చెన్నైలో ఫ్లైటెక్కి బ్యాంకాక్ వెళ్తున్నాం. మా ఆయనా నేనూ అన్నీ తింటాం, మా అత్తయ్య మాత్రం గుడ్డు కూడా ముట్టరు. అక్కడికి వెళ్లొచ్చిన బంధువులు పూటపూటా ఇండియన్ హోటలుకే పోయి, తిండికే బోలెడు వదిలించుకున్నామన్నారు. ఆమెకు తక్కువ ఖర్చులో అక్కడి వంట దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: దొరుకుతుందండీ, కాకపోతే ‘నో మీట్’ అని ఊరుకుంటే పని జరగదు. ముక్కలు లేకుండా వండిస్తారు గానీ నామ్ ప్లా అనే చేపల సాస్ అలవాటుగా పడిపోతుంది, గ్రీన్ కర్రీ ముద్దలోనేమో రొయ్యల పేస్టు ముందే కలిసి ఉంటుంది. చేపల పులుసులో ముక్కలు తీసేసి వట్టి పులుసు పోస్తే మీ అత్తయ్య తింటారా? అదీ అంతే.

అందుకని మీరు అడగాల్సింది ‘జే’, అంటే అక్కడి నిఖార్సయిన శాకాహారం. పసుపు బోర్డు మీద ఎర్రగా, మన కంటికి 17 అంకెలా కనపడే అక్షరాలుంటాయి, అది చూసి వెళ్లిపోండి. ఆ వంటలో మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, శనివారం ఉల్లి తినని వాళ్లకూ ఇబ్బంది లేదు. గిన్నెల్లో కూరలు వరసగా పెట్టి ఉంటాయి, వేలు చూపిస్తే అన్నం మీద రెండు రకాలు వడ్డిస్తారు. ఒక్కటే, అందులో బాతు ముక్కల్లా, పంది మాంసంలా ఉండేవి కనపడతాయి. సోయాతో, గోధుమ పిండిలోని జిగురుతో చేసినవే, అయినా ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే ఆమె ప్లేటు పక్కకు నెట్టేస్తారు! ఈ కొట్లు చాలావరకు మధ్యాహ్నం దాటితే సర్దేస్తారు కాబట్టి పెందలాడే వెళ్లాలి.

రాత్రికైతే మాల్స్‌లోని ఫుడ్ కోర్టులు మేలు. అసోక్ స్టేషన్ పక్కనే టెర్మినల్ 21 మాల్‌లో పియర్ 21 అని ఉంది, కార్డులో డబ్బులు వేయించుకుని తినాలి, మిగిలింది వెనక్కిస్తారు. శాకాహారం కౌంటరూ ఉంది, ప్లేటు 50 బాత్‌కు అటూ ఇటూ. పగటిపూటైతే మనవాళ్లు ఎక్కువగా ఉండే పహురాత్ పేటలోని గురుద్వారాలో లంగర్, అంటే అందరికీ పెట్టే భోజనం ఉంటుంది, అది ఉచితం.

రోడ్డు పక్కన కొనేటప్పుడు మీరు ‘కిన్ జే ఖా’ (జే తింటానండీ) అనండి, మీ ఆయన ‘ఖా’ బదులు ‘ఖ్రప్’ అనాలి. ‘మై సై నామ్ ప్లా’ అంటే చేప సాస్ వెయ్యొద్దని, ‘మై సై ఖై’ అంటే గుడ్డు వద్దని. బొప్పాయి కాయ సలాడ్, అదే సోమ్ తమ్, నేనైతే ఆమెకు పెట్టనే పెట్టను, ఎండు రొయ్యలు వద్దన్నా దంచేది అదే రోట్లో కదా. కొబ్బరిపాలు పోసిన మామిడిపండు, జిగురు అన్నం మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు. జామకాయ ముక్కలు కోసి కవర్లో వేసి, పక్కన ఉప్పుకారం పొట్లం ఇస్తారు, దానికి అసలు టెన్షనే లేదు.

ఇంకోటి, అక్కడ ఏటా తొమ్మిది రోజుల జే పండుగ జరుగుతుంది, ఆ రోజుల్లో వీధి వీధినా పసుపు జెండాలే. చాలా ఏళ్లు మన నవరాత్రుల్లోనే వస్తుంది, 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి, 2025లో మాత్రం మన దసరా అయిపోయాక 21న వచ్చింది. మీ తేదీలతో కలుస్తుందేమో చూసుకుని టికెట్లు తీయండి. బ్యాంకాక్‌లో అయితే చైనాటౌన్ ఉన్న యావరాత్ వైపు వెళ్లండి, ఫుకెట్‌లో భక్తులు బుగ్గల్లో శూలాలు గుచ్చుకుని ఊరేగుతారు, పెద్దావిడ చూడగలరో లేదో మీకే తెలియాలి.