నెలసరి బాధలకు మూలికలు వాడబోయే అమ్మాయికి పెద్దమ్మ లేఖ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నెలసరి నొప్పికి ఏ మూలిక మంచిదని అడిగావు. శొంఠితో మొదలుపెట్టు. గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేసే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఒంట్లో ఎక్కువగా తయారవడం వల్లనే చాలావరకు ఆ నొప్పి వస్తుంది. అల్లానికి వాటి తయారీని కొంత తగ్గించే గుణం ఉంది. రోజుకు 750 నుంచి 2000 మిల్లీగ్రాముల అల్లం పొడిని నెలసరి మొదటి 3, 4 రోజులు తీసుకున్న స్త్రీలకు నొప్పి తగ్గిందని పరిశోధనల్లో తేలింది. టీ చెంచాలో సగం పొడి దాదాపు ఒక గ్రాము తూగుతుంది. శొంఠి కొమ్ము దంచి, పీచు పోయేలా జల్లించి, గోరువెచ్చని నీటిలో కలుపుకొని, ఏదైనా తిన్న తర్వాతే తాగు. పరగడుపున తాగితే గుండెల్లో మంట పుట్టవచ్చు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా దీన్ని ముట్టకూడదు.

శతావరి, అశోక చెక్క తరతరాలుగా వాడుకలో ఉన్నవే కాని, వాటిని స్త్రీలపై పరీక్షించి చూసిన పరిశోధనలు తక్కువ. వాడదలిస్తే నాలుగైదు కలిపిన కషాయం వద్దు. ఒక్కదాన్నే వాడుతూ, తేదీ, నొప్పి, మార్చిన ప్యాడ్ల లెక్క ఒక పుస్తకంలో రాసుకో. అతిమధురం రక్తపోటును పెంచుతుంది, మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి కనుక, ఆ జబ్బులకు మందులు వాడేవారికి ఇవి చిక్కు తెస్తాయి.

నాకు అధిక రక్తస్రావం మొదలైనప్పుడు, తెలిసినవారి మాట నమ్మి ఏడు నెలలు అశోక చెక్క కషాయం తాగాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. అద్దంలో చూసుకుంటే కింది కనురెప్ప లోపలి భాగం ఎరుపన్నది లేకుండా పాలిపోయి ఉండేది. తీరా పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7 గ్రాములే ఉంది. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉందని స్కానింగ్‌లో బయటపడింది. దాన్ని నేను తాగిన కషాయం కరిగించలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను తల్లీ: రక్తస్రావం 7 రోజులు దాటినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా, దుర్వాసనతో తెల్లబట్ట అయి జ్వరం వచ్చినా, మూలికలను పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించాలి. గర్భం నిలిచిందన్న అనుమానం ఉంటే ఏ కషాయమూ తాగవద్దు. మూలికల నీటితో యోని లోపల కడగడం ఎన్నడూ చేయకు; అక్కడ ఆమ్లగుణాన్ని నిలిపి ఉంచే మేలు చేసే సూక్ష్మజీవులు దానివల్ల దెబ్బతింటాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు నువ్వు వాడుతున్న పొడి పొట్లాన్నీ, ఆ పుస్తకాన్నీ వెంట తీసుకువెళ్ళి, సంకోచపడకుండా ఆమె ముందు పెట్టు.

నీ పెద్దమ్మ