విజయనగరంలో స్వింగ్ డాన్స్ వారాంతం: క్లాసులు కాక మిగతా వేళల్లో ఏం పెట్టాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా మన విజయనగరంలో లిండీ హాప్ (జోడీగా చేసే స్వింగ్ డాన్స్) పెడుతున్నారు. యాభై మంది వస్తారని అంచనా. సగం మంది విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల నుంచి, మిగతావాళ్ళు ఊళ్ళోవాళ్ళు, వాళ్ళలో చాలామందికి ఇదే మొదలు. క్లాసుల సంగతి తేలింది. సాయంత్రాలు, భోజనాలు, ఊరు చూపించడం ఎలాగన్నది తేలలేదు.

రెండేళ్ళ కిందట డిసెంబర్లో మేం ఇక్కడే 42 మందితో ఇలాంటిది ఒకటి పెట్టాం. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను ఈ డాన్స్ నేర్చుకున్నాను. తర్వాత ఊరికి తిరిగొచ్చేశాను. "ఏటి నాయనా ఈ గెంతులు" అని మా అమ్మ అడిగితే సరైన జవాబు ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను. మేం బాగా చేసినవి తక్కువ, పాడు చేసినవి ఎక్కువ. పాడు చేసినవే ముందు చెబుతాను.

తేదీ ఒక్కటి మాత్రం మాకు బాగా కుదిరింది. ధనుర్మాసం పట్టుకోండి. డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా పెళ్ళి ముహూర్తాలు ఉండవు కాబట్టి కల్యాణ మండపాలన్నీ ఖాళీ. మాకు మామూలు అద్దెలో సగానికే ఇచ్చారు, వంట సామాను కూడా అందులోనే. చెమటలు కారే డాన్స్‌కి ఆ చలి ఎంత హాయో చెప్పక్కర్లేదు. సంక్రాంతి వారం మాత్రం వద్దు, రైలు టికెట్ దొరకదు, దొరికినా మనవాళ్ళు ఇల్లు కదలరు. ఇంకో తిరకాసు ఉంది. రాత్రి ఒంటిగంటకి పడుకున్న బెంగళూరు వాళ్ళని తెల్లవారుజామున నాలుగున్నరకి పక్క గుడి మైకులో తిరుప్పావై లేపేసింది. ఒకమ్మాయి కళ్ళు నులుముకుంటూ వెళ్ళి పొంగలి తినొచ్చింది, మిగతావాళ్ళు మాత్రం నన్ను తిట్టుకున్నారు. బస మాట్లాడేటప్పుడు గుడి ఎంత దూరమో చూసుకోండి.

మండపాల్లో నేల గ్రానైటో మార్బులో ఉంటుంది. ఈ డాన్స్ పుట్టింది న్యూయార్క్ హార్లెంలో, 1920ల చివర్లో. దానికి పేరు తెచ్చిన సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాలు అక్కడే 1926లో తెరిచారు, అక్కడ చెక్క నేల. రాతి నేల మీద రెండు రోజులు గెంతితే మోకాళ్ళు, పిక్కలు పట్టేస్తాయి. చెక్క స్టేజీలు వేసే టెంట్ హౌస్ వాళ్ళని అడిగితే ప్లైవుడ్ పలకలు పరిచి, అంచుల్లో టేపు వేసి ఇస్తారు. హాలంతా అక్కర్లేదు, మధ్యలో పాతిక జంటలు పట్టేంత చాలు. కాలు జారట్లేదని ఎవరైనా పౌడర్ చల్లబోతే ఆపండి, రబ్బరు అడుగు బూట్లవాళ్ళు కూడా జారి పడతారు.

ఇక అసలు సంగతి, శుక్రవారం రాత్రి.

స్వాగత డాన్స్ అని పెట్టాం. పాటలు బాగున్నాయి, లైట్లు బాగున్నాయి. విశాఖ నుంచి వచ్చిన పద్నాలుగు మంది ఒకరికొకరు తెలిసినవాళ్ళు, బెంగళూరు వాళ్ళూ అంతే. ఎనిమిదింటికి వాళ్ళంతా మధ్యలో తిరుగుతూ ఉంటే, మన ఊరి పిల్లలు తొమ్మిది మంది గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు, పెళ్ళిలో వియ్యాలవారి తరఫు వాళ్ళలాగా. ఎవరూ రమ్మని పిలవలేదు, వాళ్ళూ అడగలేదు. తొమ్మిదిన్నరకి అందులో నలుగురు "ఇంట్లో పని ఉంది అన్నా" అంటూ వెళ్ళిపోయారు. ఇద్దరు మర్నాడు క్లాసుకి కూడా రాలేదు. నేను ఆ గంటన్నరా సౌండ్ బాక్సు దగ్గర వైర్లు చూసుకుంటూ నిలబడ్డాను. నా తప్పు అదే.

శనివారం మధ్యాహ్నం నలుగురం కూర్చుని మూడు మార్పులు చేశాం. మొదట కుర్చీలు తీసేశాం. పెద్దవాళ్ళ కోసం టీ బల్ల దగ్గర ఒక మూల పది ఉంచాం. (మా పిన్ని "నన్నెక్కడ కూర్చోమంటావురా" అని అలిగింది, ఆవిడకి ఒకటి విడిగా వేశాం.) కూర్చోడానికి చోటు లేకపోతే మనిషి నిలబడతాడు, నిలబడినవాణ్ణి పిలవడం తేలిక.

రెండోది పసుపు రుమాళ్ళు. బాగా వచ్చినవాళ్ళలో ఆరుగురి మణికట్టుకి కట్టాం. మొదటి గంట వాళ్ళు ఒకరితో ఒకరు డాన్స్ చేయకూడదు, పక్కన నిలబడి ఉన్నవాళ్ళని పిలవడమే వాళ్ళ పని. కొత్తవాళ్ళకి బ్యాడ్జీ పెడదామని ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు. చొక్కాకి "నాకు రాదు" అని రాసి ఉన్న కాగితం గుచ్చుకుని ఎవరు తిరుగుతారు? గుర్తు పెడితే డాన్స్ బాగా వచ్చినవాళ్ళకే పెట్టండి. రుమాలున్నవాళ్ళలో అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ ఉండాలి, వీలైతే లీడ్, ఫాలో రెండూ తెలిసినవాళ్ళు. ఈ డాన్స్‌లో ఎవరు నడిపించాలి, ఎవరు అనుసరించాలి అన్నది మగా ఆడా లెక్క కాదు. మన ఊళ్ళో ఇది చాలా ఉపయోగపడింది. పక్కింటి అమ్మాయిలిద్దరు, అక్కా చెల్లీ, ఒకరితో ఒకరే రాత్రంతా చేసుకున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

మూడోది స్నోబాల్. ఒక జంటతో మొదలుపెడతారు. అరనిమిషానికి ఒకరు "స్నోబాల్" అని అరుస్తారు. ఆ ఇద్దరూ విడిపోయి చెరొకరిని బయట నుంచి లాక్కొస్తారు. రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఎనిమిది పదహారు, పదహారు ముప్ఫై రెండు. నాలుగు కేకలకి హాలంతా డాన్స్‌లో ఉంది. శుక్రవారం గోడ పక్కన కూర్చున్న కుర్రాడొకడు మూడో కేకకి వచ్చి, పాట అయిపోయినా ఆగలేదు.

పాట మారగానే జంట మారాలన్నది గట్టిగా చెప్పండి. స్వింగ్ పాటల్లో చాలావరకు మూడు నిమిషాల చిల్లర ఉంటాయి. ఆనాటి 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది అంతే. నచ్చని జోడీ అయినా మూడు నిమిషాలు ఓర్చుకోవచ్చు, నచ్చితే ఇంకో పాట. పాటలు పెట్టేవాళ్ళకి ఒక్క మాట చెప్పండి: వేగం ఎక్కుతూ పోవడమే కాదు, దిగాలి కూడా. నిమిషానికి 120, 140 తాళం దెబ్బల (బీట్ల) దగ్గర కొత్తవాళ్ళు నిలదొక్కుకుంటారు. 200 దాటిన పాట వరసగా రెండు వేస్తే ఆరు జంటలు మిగులుతాయి, తక్కినవాళ్ళు టీ బల్ల దగ్గర తేలతారు. శనివారం క్లాసులో షిమ్ షామ్ నేర్పించండి. దానికి జోడీ అక్కర్లేదు, వరసల్లో నిలబడి అందరూ ఒకేసారి చేస్తారు. రాత్రి ఆ పాట పడగానే మా వంటమనిషి కూడా చివరి వరసలో నిలబడ్డాడు.

"డాన్స్ చేద్దామా" అని ఎవరు ఎవరినైనా అడగొచ్చు. "వద్దు" అంటే కారణం అడక్కూడదు, మళ్ళీ వెంటనే వచ్చి అడక్కూడదు. ఇది రాసి గోడకి అంటించడం కంటే శుక్రవారం మైకులో తెలుగులోనే చెప్పడం మంచిది. ఇబ్బంది వస్తే చెప్పుకోడానికి ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ముఖాలు అందరికీ చూపించండి.

ఫోటోల విషయంలో మేం దెబ్బతిన్నాం. వచ్చినవాళ్ళలో ఒకరు పది సెకన్ల వీడియో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు, మంచి ఉద్దేశంతోనే. అందులో ఉన్న అమ్మాయి ఇంటికి చేరేలోపు ఆ వీడియో వాళ్ళ మావయ్య ఫోన్‌కి చేరింది. మర్నాడు నేను వాళ్ళింటికెళ్ళి గంటసేపు కూర్చుని కాఫీ తాగి నచ్చజెప్పాల్సి వచ్చింది. చిన్న ఊరు కదా. రెండోసారి పెడితే ఏర్పాటు ఇలా చేస్తాను: మనం పెట్టిన ఒక్క మనిషే తీయాలి, ఒక్క పాట మాత్రమే, అదీ ముందే చెప్పి. ఇష్టం లేనివాళ్ళు ఆ పాటకి పక్కకి వెళ్ళొచ్చు. శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా తల్లిదండ్రుల్ని కూడా పిలవండి. వాళ్ళు వచ్చి చూస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి. ఆ అమ్మాయి నాన్నగారికి కూడా చూశాక ఏ అభ్యంతరమూ లేదు, చూడకముందే ఇబ్బందంతా.

ఇప్పుడు బస్సు కథ. ఇంత దూరం వచ్చారు కదా, ఊరు చూపించాలని శనివారం మధ్యాహ్నం రెండింటికి బస్సు పెట్టాం. రామతీర్థం కొండ మెట్లెక్కించి, అట్నుంచటే చింతపల్లి సముద్రం దాకా తీసుకెళ్ళాం. పొద్దున మూడు గంటలు క్లాసు, మధ్యాహ్నం మెట్లు, సాయంత్రం ఇసుక. ఏడింటికి తిరిగొచ్చేసరికి సగం మంది బస్సులోనే నిద్ర. నా ఉత్సాహం కాస్త ఎక్కువైంది. స్నోబాల్ లేకపోతే ఆ రాత్రి కూడా మునిగేదే. శనివారం మధ్యాహ్నం ఏమీ పెట్టకండి. భోజనం చేసి పడుకోనివ్వండి. సముద్రం చూడాల్సిందే అంటే ఆదివారం రైలు లేనివాళ్ళకి విడిగా పెట్టుకోండి.

ఊరు చూడ్డానికి ఆదివారం పొద్దున నడకే చాలు. ఏడింటికి కోట దగ్గర మొదలుపెట్టాం. 1713లో కట్టిన కోట, లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. అక్కణ్ణుంచి మూడు లాంతర్లు, పైడితల్లి అమ్మవారి గుడి, గంటస్తంభం, గురజాడ ఇల్లు. సంగీత కళాశాల ముందు అందరూ ఎక్కువసేపు నిలబడ్డారు. అది 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఘంటసాల చదివింది అక్కడే. సవాయ్ తెరవడానికి ఏడేళ్ళ ముందే మన ఊళ్ళో సంగీతానికి కాలేజీ ఉందంటే బెంగళూరు వాళ్ళు నమ్మలేదు, బోర్డు చూపించాల్సి వచ్చింది. నడక మొత్తం గంటన్నర. చివర్లో టిఫిన్: వేడి ఇడ్లీ, పెసరట్టు. దారిలో చోడంబలి అమ్మేవాళ్ళు కనిపిస్తే తాగించండి, చాలామంది దాన్ని ఫోటో తీసుకుని మరీ తాగారు.

భోజనాల గురించి ఎక్కువ చెప్పను. రాత్రి డాన్స్‌కి ముందు బరువైన భోజనం వద్దు. ఏడింటికి చపాతీ, కూర, పెరుగన్నం. తొమ్మిదిన్నరకి అరటిపళ్ళు, వేరుశనగ ఉండలు, మజ్జిగ. మంచినీళ్ళ క్యాన్లు మాత్రం మీరనుకున్నదానికి రెట్టింపు తెప్పించండి.

రాత్రి పదికి పెద్ద సౌండ్ ఆపేయండి. మూసిన హాలైతే నిబంధనల్లో వెసులుబాటు ఉంది కానీ, మండపం తలుపులు తెరిచే ఉంటాయి, పక్కిళ్ళలో పరీక్షలకి చదివే పిల్లలుంటారు. మేం పదయ్యాక డాబా మీదకి మారాం. చిన్న బ్లూటూత్ స్పీకర్, మెల్లని పాటలు, దుప్పట్లు కప్పుకుని కబుర్లు. ఫ్రాంకీ మానింగ్ కథ అక్కడే చెప్పాం. సవాయ్‌లో పేరు తెచ్చుకున్న ఆయన తర్వాత ముప్ఫై ఏళ్ళ పాటు పోస్టాఫీసులో ఉద్యోగం చేశాడు. 1980ల్లో కుర్రాళ్ళు వెతుక్కుంటూ వస్తే, డెబ్భై దాటిన వయసులో ప్రపంచమంతా తిరిగి ఈ డాన్స్ నేర్పాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన పోస్టల్ రిటైర్డు, ఆయన మొహం చూడాల్సింది.

ఒక్కటి మాత్రం తప్పకుండా చేయండి: బ్యాండు. స్వింగ్ వాయించేవాళ్ళు ఇక్కడ దొరకరు. అయితే పెళ్ళి బ్యాండులో ట్రంపెట్ ఉంది, సాక్సోఫోన్ ఉంది, డ్రమ్ముంది. ధనుర్మాసంలో వాళ్ళకీ పని ఉండదు. శనివారం రాత్రి ఐదుగురిని పిలిచాం. స్వింగ్‌లో ఉండే ఆ ఊగు వాళ్ళ వాయింపులో లేదు, దెబ్బ తిన్నగా పడుతుంది, అయినా నాలుగు దెబ్బల తాళం నాలుగు దెబ్బల తాళమే. చార్ల్‌స్టన్ (ఇదీ ఆ కాలపు డాన్సే) అడుగులు అతికినట్టు సరిపోయాయి. మూడో పాటకి ట్రంపెట్ ఆయన తనే ప్లైవుడ్ మీదకి దిగి వాయిస్తూ తిరిగాడు. వీలైతే తప్పెటగుళ్ళ వాళ్ళని కూడా అడగండి. ఛాతీకి తప్పెట కట్టుకుని వాయిస్తూ వాళ్ళు ఎగిరే ఎగురు చూస్తే మన గెంతులు ఏపాటి! మాకు ఆ వారం వాళ్ళు కుదరలేదు.

బ్యాండు మాస్టారిది మా వీధి పక్కనే. తేదీ తేలగానే ఇక్కడే కింద రాయండి, ఆయన దగ్గరకి నేనే తీసుకెళ్తాను. సంక్రాంతి దాటి ముహూర్తాలు మొదలైతే మాత్రం ఆయన దొరకడు.