అత్త పెన్షన్ ఆగింది, మరిది మాట మాత్రం ఎవరూ ఎత్తరు

"అక్కా, మాది రాయదుర్గం. నాకు 34 ఏళ్లు. జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పీసు లెక్కన పని చేస్తాను. వారానికి రెండు వేల దాకా వస్తుంది. మా ఆయన ఆటో నడుపుతారు. ఇద్దరు పిల్లలు, అత్తయ్య మాతోనే ఉంటారు. మా మరిదికి 2025 డీఎస్సీలో టీచర్ ఉద్యోగం వచ్చింది. పెళ్లి చేసుకుని గంట ప్రయాణం దూరంలో వేరు కాపురం పెట్టాడు. కార్డులో అతని పేరు ఇంకా మాతోనే ఉంది. ఇంట్లో గవర్నమెంట్ ఉద్యోగి ఉన్నాడని అత్తయ్యకొచ్చే 4,000 పెన్షన్ ఆపేశారు. బియ్యం కార్డు కూడా పోయింది. ఒకటో తారీఖున ఆమె ఆరింటికే తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. సచివాలయం అబ్బాయి పక్కింటి అవ్వకు డబ్బులిచ్చి మా వాకిలి దాటుకుని పోయాడు. అప్పటినుంచి రాత్రిపూట ఆకలి లేదంటోంది. మరిది కోచింగ్ కోసం కుదువ పెట్టిన నా గొలుసుకు నెలకు 900 వడ్డీ ఇప్పటికీ నేనే కడుతున్నాను. రాత్రి ఎనిమిది దాటాక ఇంట్లో కూర్చుని చేసుకునే పార్ట్‌టైం పని ఏదైనా చెప్పండి. ఫోన్‌లో డేటా ఎంట్రీ పని ఉందని మెసేజ్ వచ్చింది, ముందు 1,500 కట్టమంటున్నారు. కట్టమంటారా?"

చెల్లీ, ఆ 1,500 కట్టొద్దు. పని చేయించుకునేవాడు మనకు డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకోడు. రిజిస్ట్రేషన్ అన్నా, డిపాజిట్ అన్నా, సాఫ్ట్‌వేర్ ఖర్చన్నా అది మోసమే. తొందరపడి ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి చెప్పు.

ఇక నువ్వడిగిన రాత్రి పని. వెతకొద్దు. పనులు దొరక్క కాదు. విత్తనాల కాలం వస్తే చెనక్కాయలు ఒలిచిపెట్టమని ఇంటికే మూటలు పంపేవాళ్లున్నారు. జొన్నరొట్టెలు కాల్చి అమ్ముకునే ఆడవాళ్లున్నారు. ఉగాదికి ఓళిగలు చేసిపెట్టమని అడిగేవాళ్లున్నారు. ఇవి నీకు తెలియనివి కావు. పొద్దున్నుంచి మిషన్ మీద వంగి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లల్ని పడుకోబెట్టిన మనిషి మళ్లీ అర్ధరాత్రి దాకా కళ్లు పొడుచుకుంటే ఎన్నాళ్లు నిలబడుతుంది? నువ్వు మంచాన పడితే ఆ ఇంట్లో వారానికి వచ్చే రెండు వేలూ ఆగుతాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అత్త గురించి ఎంత బాగా రాశావు! ఆమె కట్టుకున్న చీర, కూర్చున్న అరుగు, ఆ అబ్బాయి దాటిపోయిన వాకిలి అన్నీ నాకు కనిపించాయి. మరిది గురించి మాత్రం ఉద్యోగం, పెళ్లి, వేరు కాపురం అని మూడు ముక్కలు రాసి వదిలేశావు. తన ఉద్యోగం వల్ల తల్లి పెన్షన్ ఆగిందని అతనికి తెలుసా? తెలిస్తే ఏమన్నాడు? మీ ఆయన తమ్ముడితో మాట్లాడారా? ఇందులో ఒక్కటీ లేదు. నువ్వు మర్చిపోయి రాయలేదని నేననుకోను. మీ ఇంట్లోనే ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

పెన్షన్‌కైనా కార్డుకైనా ఇల్లు మొత్తాన్నీ ఒకటిగా చూస్తారు. కరెంటు నెలకు 300 యూనిట్లు దాటినా, సొంత కారు ఉన్నా, ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్లున్నా, ప్రభుత్వ ఉద్యోగి ఉన్నా ఇంటిల్లిపాదికీ ఆగిపోతుంది. మీ కార్డులో ఆరుగురు. మనిషికి 5 కిలోల చొప్పున నెలకు 30 కిలోల బియ్యం. ఏడాదికి మూడు ఉచిత గ్యాస్ సిలిండర్లు. తల్లికి వందనం కింద పిల్లవాడికి 13,000 చొప్పున ఇద్దరికీ పడే డబ్బు. ఇవన్నీ ఆ కార్డుతో ముడిపడినవే. కాగితం మీద మీ మరిది ఆ ఇంటి మనిషి, అతని జీతం ఆ ఇంటి జీతం. అందుకని సర్కారు చేయి తీసేసింది. ఆ జీతంలోంచి ఒక్క రూపాయి మీ గడప లోపలికి వచ్చిందా? రాలేదు. ఆ లోటంతా నీ మిషన్ మీద పడింది. ఇప్పుడు నువ్వు రాత్రి పని వెతికేది మీ మరిది వాటా పూడ్చడానికే. నాకు ఒప్పని సంగతి అదే.

అసలు చిక్కు మీ ఆయనకూ తమ్ముడికీ మధ్య ఉంది. తండ్రి లేని ఇంట్లో అన్నే తండ్రి అవుతాడు. ఆటో నడిపి, నీ మెడలో గొలుసు తీసి కుదువ పెట్టి తమ్ముణ్ణి చదివించాడు. గొప్ప పని చేశాడు, కాదనను. అయితే ఇచ్చిన చేయి చాచడమంటే ఆయనకు చావుతో సమానం. తమ్ముడి ముందు, కొత్తగా వచ్చిన మరదలి ముందు చిన్నబోతానని భయం. ఆ మొహమాటం ఆయనది, దానికి ఖర్చవుతున్నది మాత్రం నీ నిద్ర. పెద్దరికం నిలబెట్టుకోవడానికి భార్య చేత అర్ధరాత్రి పని చేయించడం నాకు గౌరవంగా కనబడదు.

మీ మరిది చెడ్డవాడని నేననడం లేదు. కొత్త ఉద్యోగం, కొత్త కాపురం, అద్దె, అడ్వాన్సు. పండక్కి వస్తే అమ్మ నవ్వుతూ కనబడుతుంది, వదిన అన్నం పెడుతుంది. అంతా బాగుందనే అనుకుంటాడు. చెప్పకుండా తెలుసుకోవాల్సింది, నిజమే. కానీ చెప్పకుండా తెలుసుకునే మగపిల్లలు మన ఇళ్లలో తక్కువ, మనం పెంచిందే అలా.

మా ఇంట్లో ఇది చూశాను కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. మా అమ్మ కమ్మలమ్మి మా చిన్నాయన హాస్టల్ ఫీజు కట్టింది. ఆ తర్వాత ఒక్కరోజూ ఆయన్ని అడగలేదు, అడిగితే బంధం తెగిపోతుందని. అడగకుండా ఉండేసరికి ఆమె మనసులో విషం పేరుకుంది. పదేళ్లకు పండగలకు రాకపోకలు ఆగాయి, పెళ్లిపత్రికలు పోస్టులో వచ్చాయి. ఆయనకు చివరిదాకా తన తప్పేమిటో తెలియదు. మీ పిల్లలకు చిన్నాయన అలా దూరం కాకూడదంటే ఇప్పుడే మాట్లాడండి.

మాట్లాడాల్సింది నువ్వు కాదు. నువ్వడిగితే వదిన డబ్బు కోసం గొడవ పెట్టిందని పేరొస్తుంది, ఆ పేరు ఇక పోదు. మీ ఆయన అడగాలి. ఫోన్‌లో వద్దు. ఆదివారం తల్లిని వెంటబెట్టుకుని తమ్ముడింటికి పోయి, కూర్చుని, మరదలు కూడా ఉండగానే చెప్పాలి. ఆమె చాటున మాట్లాడితే రేపు ఆమెకు సగం కథే చేరుతుంది, తప్పు మీమీదకే వస్తుంది. "నీ ఉద్యోగం చూసి అందరం సంతోషపడ్డాం. దానివల్ల అమ్మ పెన్షన్ ఆగింది. ఇకనుంచి ఒకటో తారీఖున అమ్మ ఖాతాలో 4,000 నువ్వు వెయ్యాలి" అంటే చాలు. బతిమాలే పని లేదు, దెప్పే పనీ లేదు. ఆ డబ్బు నీ చేతికి వద్దు, మీ ఆయన చేతికీ వద్దు. పెన్షన్ డబ్బుతో మీ అత్త బీపీ మాత్రలు తెచ్చుకునేది, ఆకూవక్కా కొనుక్కునేది, మనవళ్లకు పదో పరకో ఇచ్చేది. ఆ చేయి ఆమెకు మళ్లీ రావాలి.

గొలుసు సంగతి వేరు. అది అప్పు. ఎప్పటికి విడిపిస్తాడో నెల పేరు చెప్పాలి. విడిపించేదాకా ఆ 900 వడ్డీ అతనే కట్టాలి.

మీ అత్త "వాడికి కొత్త కాపురం, ఏమీ అడగొద్దు" అంటుంది. తల్లి అలాగే అంటుంది. ఆమె రాత్రి అన్నం మానేసింది ఆకలి లేక కాదని నీకూ తెలుసు, అందుకే ఆ మాట నాకు రాశావు. తాను ఈ ఇంటికి బరువైపోయానని ఆమె అనుకుంటోంది. ఈరోజు నుంచి పళ్లెం వడ్డించి పక్కన కూర్చో, ఆమె తిన్నాకే నువ్వు లే. మాత్రలకు డబ్బుల్లేవని మానేస్తోందేమో కూడా చూడు. బీపీ, షుగర్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు.

కాగితాల పనిలోనూ మీ మరిది కదలాలి. పెళ్లయి వేరుగా ఉంటున్నాడు కాబట్టి మీ కార్డు నుంచి తన పేరు వేరు చేయించుకోవాలి. ఆధార్, పెళ్లి సర్టిఫికెట్ తీసుకుని సచివాలయానికి తనే రావాలి. అతని పేరు ఇంటి లెక్కలో ఉన్నంతకాలం మీరెన్ని అర్జీలు పెట్టినా అదే జవాబొస్తుంది. పేరు విడిపోయాక కార్డుకూ, పెన్షన్‌కూ మళ్లీ అర్జీ పెట్టండి. అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, పోయి ఇవ్వండి. వస్తే మంచిది, అయితే ఆ డబ్బు చూసుకుని ఇల్లు నడపాలని మాత్రం అనుకోవద్దు.

అతను కాదంటే ఏం చేయాలి? తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఉంది. పోషించగలిగీ పట్టించుకోని పిల్లల మీద తల్లే ఆర్డీవో దగ్గర ఫిర్యాదు చేయవచ్చు, నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం అక్కడుంది. 14567 నంబరుకు ఫోన్ చేస్తే పెద్దవాళ్లకు దారి చెబుతారు. మీ ఇంట్లో అంతదాకా పోదని నా నమ్మకం. పద్ధతిగా అడిగితే ఇచ్చే పిల్లవాడే అనిపిస్తోంది. అయినా మీ ఆయనకు ఈ చట్టం సంగతి తెలిసి ఉండాలి. తాను అడగబోయేది దానం కాదని తెలిస్తే గొంతు వణకదు.

ఇదంతా మీ ఆయనకు ఎలా చెప్పాలా అని నువ్వు ఆలోచిస్తుంటావు. ఈ కాగితమే చదివి వినిపించు. కోపమొస్తే నామీద పడనీ. ఆదివారం బయల్దేరేటప్పుడు గొలుసు కుదువ చీటీ కూడా తీసుకెళ్లమను. బీరువాలో అది ఎక్కడుందో నీకే కదా తెలుసు, తీసి ఆయన చొక్కా జేబులో నువ్వే పెట్టు.