బెల్టులు చేస్తున్న మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన బెల్టుల ఫొటోలు చూశానమ్మా. తోలు మంచిదే ఎంచుకున్నావు, కుట్టు కూడా గట్టిగానే ఉంది. పట్టీ మాత్రం నడుమ సన్నబడింది, బెజ్జాలు వరుస తప్పాయి. చెయ్యి ఇంకా కుదరడం లేదని రాశావు. చెయ్యి కుదరడానికి కాలం పడుతుంది. ఈలోగా కొలత బాధ్యత చెక్కకు అప్పగించు. ఖరీదైన పనిముట్లు ఇప్పుడే కొనవద్దు. వడ్రంగి పక్కన పడేసే టేకు ముక్కలు అడిగి తెచ్చుకో.

ముందు పట్టీ కోసే జిగ్, అంటే ప్రతిసారీ ఒకే కొలతలో కోత పడేలా చూసే చెక్క చట్రం, చేసుకో. తోలు జారిపోయేంత సందు వదిలి రెండు చెక్కలు ఒకదానిపై ఒకటి బిగించు. సందు తోలు మందం కంటే అర మిల్లీమీటరు ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించితే తోలు లోపల పైకి లేచి కోత వాలిపోతుంది. ఒక పక్క తోలు అంచు ఆనడానికి తిన్నని కర్రముక్క పెట్టు. అక్కడి నుంచి పట్టీ వెడల్పు దూరంలో కట్టర్ బ్లేడును నిలువుగా బిగించు. బ్లేడు కదిలితే ఈ జిగ్ దండగ, కాబట్టి రెండు స్క్రూలకు తక్కువ వేయకు. పట్టీ మొదలు కాస్త కత్తితో కోసి, ఆ కొసను అవతలికి దూర్చి నిదానంగా లాగు. లాగే చెయ్యి బ్లేడుకు ఎదురుగా రాకూడదు.

వెడల్పు స్కేలుతో కొలవకు. 38 మిల్లీమీటర్లని అమ్మే బకిళ్లన్నీ ఒకేలా ఉండవు. నీ దగ్గరున్న బకిల్ లోపలి వెడల్పు చూసి, దానికి అర మిల్లీమీటరు తగ్గించి బ్లేడు బిగించు.

జిగ్ ఎంత బాగా కుదిరినా, ఆనుకునే అంచు వంకరైతే ఆ వంకరంతా పట్టీకి దిగుతుంది. అందుకే తోలుకు మొదటి అంచు పొడవాటి ఉక్కు బద్దతో తిన్నగా కోసుకో. వెన్ను వైపు తోలే తీసుకో. పొట్ట వైపుది లాగినప్పుడు సాగి, వదిలాక ముడుచుకుంటుంది.

బెజ్జాల సంగతి. ఒక బెజ్జం నుంచి ఇంకోదానికి కొలుచుకుంటూ పోతున్నావని నా అనుమానం. ఒక్కోసారి అర మిల్లీమీటరు జరిగినా, అయిదో బెజ్జానికి వచ్చేసరికి రెండు మిల్లీమీటర్ల తేడా కూడుతుంది. 25 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున అయిదు బెజ్జాలున్న అల్యూమినియం బద్ద ఒకటి చేయించుకుని, నడిమి బెజ్జాన్ని నడుము కొలత మీద ఉంచు. ఆ బద్ద మీద నేరుగా పంచ్ (బెజ్జం కొట్టే పనిముట్టు) కొట్టవద్దు, పంచ్ అంచు చెడుతుంది. ఆరె (తోలుకు పొడిచే ముల్లు) మొనతో గుర్తులు పెట్టి, బద్ద తీసేసి అప్పుడు కొట్టు. పంచ్ పక్కకు వాలకుండా, దాని లావుకు సరిపడే రంధ్రం ఉన్న దిమ్మ ఒకటి దగ్గర పెట్టుకో. ఆ రంధ్రం మాత్రం నిలువు డ్రిల్లు యంత్రమున్న చోట వేయించు. చేతి డ్రిల్లుతో వేస్తే అదే వాలిపోతుంది, ఇక పంచ్‌ను ఏం నిలబెడుతుంది?

తడి తోలుకు ఇనుము తగలనివ్వకు. చెట్ల బెరళ్లు, కాయలతో పదును చేసిన తోలు మీద ఇనుము నల్లని మరక వేస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలు నానబెట్టిన బెల్లం నీళ్లతో నలుపు తెచ్చేదీ ఇందుకే. వాళ్లకది రంగు, నీకు నష్టం. తోలు తగిలే చోట ఇత్తడి స్క్రూలు వాడు.

వానాకాలంలో చెక్క ఉబ్బి సందు బిగుసుకుంటే, గీకవద్దు. కొవ్వొత్తి రుద్ది చూడు. ఎండ కాస్తే దానంతట అదే సర్దుకుంటుంది, గీకితే మాత్రం వేసవిలో వదులైపోతుంది.

కుట్టేటప్పుడు బెల్టు పట్టి ఉంచే బిగింపు చెక్క కూడా నువ్వే చేసుకోవచ్చు. రెండు పలకలు, కింద ఒక మడతబందు, నడుమ బోల్టూ చెవుల నట్టూ ఉంటే సరిపోతుంది. బెల్టును పట్టే పలకల పై కొసలకు లోపల మెత్తని తోలు అంటించు, లేకపోతే బెల్టు మీద నొక్కులు పడతాయి. పనిచేసే కుర్చీలో కూర్చుని ఎత్తు చూసుకున్నాకే పలకలు కోయించు. మెడ వంచి కుట్టే అలవాటు ఒకసారి పడితే వదలదు.

ముందు పట్టీ జిగ్ చేసి, చవక తోలు మీద కోసి, రెండు కొసలూ నడుమా వెడల్పు ఎంత వచ్చిందో రాసి పంపు. బెజ్జాల బద్దకు కొలతలు ఆ తర్వాత గీసి పంపిస్తాను.

మామయ్య