ఇంటర్వ్యూ గదిలోకి నాన్న ఎందుకమ్మా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. వయసు 26. 2021లో బీఎస్సీ నర్సింగ్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా అయింది. వెంటనే ఎక్కడైనా చేరదామంటే నాన్న ఒప్పుకోలేదు. ‘పది పన్నెండు వేలకు ప్రైవేటు వాళ్ల దగ్గర చాకిరీ చేయడానికా అప్పు చేసి చదివించింది? గవర్నమెంటు ఉద్యోగం కొట్టు’ అన్నారు. కోచింగ్ తీసుకున్నాను. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల పరీక్ష నార్సెట్ మూడుసార్లు రాస్తే ఒక్కసారే ప్రిలిమ్స్ దాటాను. ఇప్పుడు తమ్ముడు ఇంజినీరింగ్‌లో చేరాడు, ఇంట్లో డబ్బుకు కటకటగా ఉంది. ‘ఎక్కడో ఒకచోట చేరు’ అంటున్నారు. గత నెల కొత్తపేటలో ఒక ఆసుపత్రికి వాకిన్ ఇంటర్వ్యూకి వెళ్లాం. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ ‘నాలుగేళ్లుగా ఏం చేస్తున్నావు?’ అని అడిగితే తడబడ్డాను. పక్కనే కూర్చున్న నాన్నే జవాబు చెప్పారు. ఫోన్ చేస్తామన్నారు కానీ చేయలేదు. నాన్నకు తెలిసినాయన పదిహేను వేలిస్తే ఒక నర్సింగ్ హోమ్ నుంచి రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నారు. తీసుకోమంటారా? లేదంటే ఈ గ్యాప్‌ను ఎలా కప్పిపుచ్చుకోవాలి?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: సర్టిఫికెట్ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దు. రెండేళ్లు పనిచేశానంటే పీఎఫ్ నంబరు అడుగుతారు. అందులో ఏ ఆసుపత్రి పేరూ లేకపోతే అక్కడికక్కడే అనుమానం వస్తుంది. రేపు గల్ఫ్‌కి వెళ్దామనుకున్నా సర్టిఫికెట్లు తనిఖీ చేసే డేటాఫ్లో సంస్థ వాళ్లు నీ కాగితాన్ని నేరుగా ఆ నర్సింగ్ హోమ్‌కే పంపి నిజమా కాదా అని అడుగుతారు. అబద్ధమని తేలితే ఆ మచ్చ నీ పేరు మీదే ఉంటుంది, ఇప్పించినాయన పేరు మీద కాదు. ఇవన్నీ అటుంచు. దొరికిపోవడం కన్నా నమ్మేయడం ఇంకా ప్రమాదం. రెండేళ్ల అనుభవముందని నమ్మితే మొదటి వారంలోనే నిన్ను నైట్ డ్యూటీలో ఐసీయూలో ఒంటరిగా వదిలేస్తారు. వెంటిలేటర్ అలారం కొడుతుంటే ఆ పదిహేను వేల కాగితం నీకేం సాయపడుతుంది?

ఇక గ్యాప్ అంటావా, దాన్ని కప్పిపుచ్చాల్సిన పనే లేదు. నీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇంకొకటి. ‘పక్కనే కూర్చున్న నాన్నే జవాబు చెప్పారు.’ అది రాసి, ఏమీ జరగనట్టు తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయావు. ఆ మేడమ్ మాత్రం అక్కడే ఆగిపోయి ఉంటుంది. ఫోన్ రాకపోవడానికి కారణం నాలుగేళ్ల ఖాళీ అని నువ్వనుకుంటున్నావు. ఆవిడ స్థానంలో కూర్చుని చూడు. 26 ఏళ్ల డిగ్రీ పిల్ల, తనను అడిగిన ప్రశ్నకు తండ్రి వైపు చూసింది. ఇలాంటి పిల్లను చేర్చుకుంటే రెండు నెలలకు ఆ తండ్రే వచ్చి ‘నైట్ డ్యూటీలు వేయొద్దు, ఐసొలేషన్ వార్డు వద్దు, సంబంధం కుదిరింది, మాన్పించేస్తున్నాం’ అంటాడు. ఇలా మానేసినవాళ్ల ఖాళీలు నింపలేకే కదా ఆసుపత్రులు వారం వారం వాకిన్లు పెట్టేది.

ఇంకో మాట ఉంది. నర్సు పనిలో సగం నోటితోనే. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి ‘సర్, మేల్ మెడికల్ వార్డు నుంచి స్టాఫ్‌ని. 12వ బెడ్డు పేషెంటు, నిన్న న్యుమోనియాతో అడ్మిట్ అయ్యారు. గంట క్రితం బీపీ 110/70, ఇప్పుడు 80/50. సాచురేషన్ 88. ఆక్సిజన్ పెట్టాను. మీరు వచ్చి చూడాలి’ అని గట్టిగా చెప్పగలగాలి. నిద్రమత్తులో ఆయన కసురుకున్నా రెండోసారి చేయగలగాలి. రాసిన డోసు ఎక్కువనిపిస్తే ‘ఇది ఒకసారి చూడండి సర్’ అనగలగాలి. నాన్న ముందు నోరు పెగలని పిల్ల పెద్ద డాక్టరు ముందు మాట్లాడుతుందని ఏ సూపరింటెండెంటు నమ్ముతుంది చెప్పు?

మీ నాన్నను తప్పుపట్టాలని కాదు. అప్పు చేసి ఆడపిల్లకు డిగ్రీ చెప్పించిన మనిషి. ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ఇచ్చే జీతాలు చూసి ఆయనకు మండిందంటే ఆ మంట న్యాయమైందే. కానీ చూడు, చేరొద్దన్నది ఆయనే, చేరమన్నదీ ఆయనే, దొంగ కాగితం దారి చూసిందీ ఆయనే. నాలుగేళ్లలో నీ నిర్ణయం అంటూ ఒక్కటీ కనపడలేదు. అప్పు తీర్చడం నీ బాధ్యత. ఆయన్ని గౌరవించడం నీ ధర్మం. నీ బదులు ఆయన మాట్లాడటం మాత్రం ఈ రెంటిలో దేని కిందకీ రాదు.

‘నాన్నా, ఉద్యోగం వెతుక్కునేది నేను. ఈసారి ఒక్కదాన్నే వెళ్తాను. ఆ సర్టిఫికెట్ నాకొద్దు’ అని ఇంట్లోనే, అమ్మ కూడా ఉన్నప్పుడు చెప్పు. అరవొచ్చు, రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు. ఉండనీ. నైట్ డ్యూటీలు చేసే పిల్లకు సంబంధాలు రావంటారు ఎవరో ఒకరు. ఆ మాటకు భయపడి ఖాళీగా కూర్చున్న పిల్లకు మాత్రం క్యూ కట్టారా?

ఇప్పుడు పనికొచ్చే మాటలు. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మీద గడువు చూసుకో. దాటిపోయి ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు రెన్యువల్ చేయించుకో. అది లేకుండా ఏ మంచి ఆసుపత్రీ చేర్చుకోదు. హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో మార్చి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే పెట్టారు కదా. నీ మార్కుల మెమోలో ఒక పేరు, డిగ్రీ పట్టాలో ఇంకో పేరు ఉంటే హెచ్‌ఆర్ వాళ్లు అడుగుతారు. రెండూ ఒకటే యూనివర్సిటీ అని చెప్పు, కంగారుపడకు.

తర్వాత చేతులు. నాలుగేళ్లుగా నువ్వు ఆబ్జెక్టివ్ బిట్లు చదివావు కాబట్టి థియరీ నీకు వార్డులో ఉన్న పిల్లల కన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది. పోయింది చేతి అలవాటు. నువ్వు చదివిన కాలేజీకే వెళ్లి ప్రిన్సిపాల్ మేడమ్‌ను అడుగు, రెండు వారాలు స్కిల్ ల్యాబులో ప్రాక్టీసు చేసుకుంటానని. బొమ్మల మీద కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం), క్యాథెటర్, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం), సక్షన్, డ్రెస్సింగు మళ్లీ మళ్లీ చెయ్యి. ఊరికే కూర్చోలేదని చెప్పే మనిషి కూడా అక్కడే దొరుకుతుంది. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చి ప్రాణం నిలబెట్టడం నేర్పే బీఎల్‌ఎస్ కోర్సు ఒక్క రోజుది, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లు చెల్లుతుంది. ఆ సర్టిఫికెట్‌కు పదిహేను వేలు ఎక్కడినుంచో తెద్దామనుకున్నారుగా, అందులో కొంత దీనికి పెట్టించు. ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. ఇది నోటితో చెప్పడం తేలిక, రెండు నిమిషాలు నొక్కాక చేతులు ఎలా జారిపోతాయో బొమ్మ మీద చేస్తేనే తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో అడిగేవి పెద్ద ప్రశ్నలేం కావు. పింక్ కాన్యులా ఎంత సైజు (20), గ్రీన్ ఎంత (18), పసిపిల్లలకు ఏది (పసుపు రంగు 24). లీటరు సెలైన్ 8 గంటల్లో పోవాలంటే ఎన్ని చుక్కలు? మామూలు సెట్టులో మిల్లీలీటరుకు 20 చుక్కలు, అంటే 1000ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే దగ్గర దగ్గర 42. చిన్న చుక్కలు పడే మైక్రో సెట్టయితే లెక్కే అక్కర్లేదు, గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. వాడిన సూది తెల్ల డబ్బాలో, పగిలిన గాజు యాంప్యూలు నీలం డబ్బాలో, ఐవీ సెట్టు ఎర్ర సంచిలో, రక్తమంటిన దూది పసుపు సంచిలో. ఇవి గుక్కతిప్పుకోకుండా రావాలి.

ఒకటి మాత్రం కాగితం మీద రాసి గోడకు అంటించుకో. ఇన్సులిన్. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ ఉంది, మిల్లీలీటరుకు 100 యూనిట్ల వయల్ కూడా ఉంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి ఆరెంజ్ మూత సిరంజి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకో. హడావుడిలో 100 వయల్ తీసుకుని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగావంటే, అది అర మిల్లీలీటరు. అందులో 50 యూనిట్లుంటాయి. పేషెంటు నిద్రపోతున్నాడనుకుంటావు, షుగర్ పడిపోయి స్పృహ తప్పి ఉంటాడు. గ్యాప్ తర్వాత చేరినవాళ్లు చేసే తప్పులు ఇలాంటివే. తెలియక జరగవు, చేతికి అలవాటు తప్పి, అడగడానికి మొహమాటపడి జరుగుతాయి. పొటాషియం క్లోరైడ్ యాంప్యూలు కూడా అంతే. 10 మిల్లీలీటర్లలో 20 మిల్లీఈక్వివలెంట్లు. నేరుగా సిరంజితో ఎక్కిస్తే గుండె ఆగుతుంది. ఎప్పుడూ సెలైన్లో కలిపే, నెమ్మదిగానే, పక్కన ఇంకో స్టాఫ్‌కు చూపించాకే.

‘నాలుగేళ్లుగా ఏం చేస్తున్నావు?’ అని మళ్లీ అడుగుతారు. ఇలా చెప్పు: ‘గవర్నమెంటు పరీక్షలకు చదివాను మేడమ్, రాలేదు. వార్డు అనుభవం లేదు. ఈ నెల్లో కాలేజీ ల్యాబులో ప్రాక్టీసు చేశాను, బీఎల్‌ఎస్ చేశాను. మొదటి నెల సీనియర్‌తో పాటే డ్యూటీ వేయండి, అన్ని షిఫ్టులూ చేస్తాను.’ అంతే. కరోనా అనీ, అమ్మకు బాగాలేదనీ కథలు కలపొద్దు. బయోడేటాలో కూడా ఒకే వాక్యం చాలు.

ఎక్కడ చేరాలంటే, విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో అడుగడుగునా ఆసుపత్రులే. పది పదిహేను పడకల చోటుకు మాత్రం మొదటి ఉద్యోగానికి వెళ్లకు. అక్కడ రాత్రి నువ్వొక్కదానివే స్టాఫ్, నువ్వే ఫార్మసీ, ఒక్కోసారి బిల్లు కూడా నువ్వే. నేర్పేవాళ్లు ఉండరు. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న పెద్ద ఆసుపత్రిలో కొత్తవాళ్లకు ట్రైనింగ్ ఇచ్చి, ఏ పని వచ్చో చూసి సంతకం పెట్టాకే వదులుతారు. జీతం వెయ్యి రెండు వేలు తక్కువైనా అదే మేలు. ఐసీయూ ఇస్తామన్నా ముందు ఆరు నెలలు జనరల్ వార్డు అడుగు. నువ్వు అడగాల్సినవీ ఉన్నాయి. నైట్‌లో ఒక్క నర్సుకు ఎంతమంది పేషెంట్లు, హాస్టల్ ఉందా, పీఎఫ్, ఈఎస్‌ఐ కడతారా? జీతం 21 వేలలోపు అయితే ఈఎస్‌ఐ వస్తుంది, నీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా అందులో వైద్యం దొరుకుతుంది. మీ నాన్నకు ఈ ఒక్క మాట చెప్పి చూడు. ఇన్నాళ్లు మానకూడదని బాండు రాయమంటే గడువు, డబ్బు ఎంతో చదవకుండా సంతకం పెట్టకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించు, జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ మాత్రం వదిలి రాకు. మానేయాలనుకున్న రోజు వాటికోసం కాళ్లరిగేలా తిరగాల్సి వస్తుంది.

గవర్నమెంటు ఆశ వదలమని నేననను. నార్సెట్‌కు వయసు 30 దాకా, బీసీలకు మరో మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు అయిదేళ్లు. మంగళగిరి ఎయిమ్స్ మీ ఇంటికి దగ్గరే. మన రాష్ట్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నోటిఫికేషన్లలో 75 మార్కులు డిగ్రీ మార్కులకు, పాసైన దగ్గర్నుంచి ఏడాదికొకటి చొప్పున పది దాకా, మిగతా 15 ప్రభుత్వ కాంట్రాక్టు సర్వీసుకు ఇస్తూ వచ్చారు. అంటే నీ గ్యాప్‌కు అక్కడ మార్కులు కూడా ఉన్నాయి. వైద్య ఆరోగ్య శాఖ గుంటూరు రీజినల్ డైరెక్టర్ ఆఫీసు నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. ఉద్యోగం చేస్తూ రోజుకు రెండు గంటలు చదివినా, వార్డులో చూసింది పుస్తకంలో కనపడితే త్వరగా ఎక్కుతుంది.

చేరాక జీతం అకౌంటు నీ ఒక్కదాని పేరు మీదే తీసుకో, ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉంచుకో. తమ్ముడి ఫీజుకు, అప్పుకు నెలకు ఎంత ఇవ్వగలవో ముందే లెక్క చెప్పి, ఒకటో తారీఖున అంతే పంపు. మిగిలింది ఏం చేశావని నాన్న అడుగుతారు. హాస్టల్‌కు ఎంత, మెస్సుకు ఎంత, యూనిఫామ్ బూట్లకు ఎంతో చెప్పు. ఇంకా మిగిలితే, అది నా దగ్గర ఉంది నాన్నా అని చెప్పు.